సోర్స్ తెరిచే ఉంది, ఫోన్ మాత్రం మూసుకుపోతోంది: ఓపెన్ ఓఎస్‌లకి ఇక దారేది?

పాతఫోన్ · 1
2025 మార్చిలో గూగుల్ ఆండ్రాయిడ్ పనంతా లోపలి బ్రాంచ్‌లకి మార్చేసింది. జూన్‌లో ఆండ్రాయిడ్ 16 సోర్స్ వదిలింది గానీ తన పిక్సెల్ ఫోన్ల డివైస్ ట్రీలు ఇవ్వలేదు, డ్రైవర్ బైనరీలు (హార్డ్‌వేర్‌ని నడిపే, సోర్స్ లేని ఫైళ్లు) ఇవ్వలేదు, పిక్సెల్ కెర్నల్ (ఓఎస్ మూల భాగం) కమిట్ హిస్టరీని, అంటే మార్పుల చరిత్రని, ఒకే ముద్ద చేసి పెట్టింది. 2026 సెప్టెంబర్ నుంచి బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో సర్టిఫైడ్ ఫోన్ల మీద, గుర్తింపు నమోదు చేసుకోని డెవలపర్ యాప్ ఎక్కదని ప్రకటించింది. 2027 నుంచి మిగతా దేశాలు. ఇంకోపక్క బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ ఇచ్చే కంపెనీలు ఒక్కొక్కటీ తప్పుకుంటున్నాయి.

కంపెనీ ఓఎస్ తీసేసి వేసుకునే లినేజ్, గ్రాఫీన్ (ఆండ్రాయిడ్‌వి), పోస్ట్‌మార్కెట్, ఉబుంటు టచ్ (లినక్స్‌వి) ఇంకో ఐదారేళ్లు బతుకుతాయా? బతికితే ఏ ఫోన్ల మీద? కొనే ముందు ఏం చూసుకోవాలి? "ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్సే కదా" అనే జవాబు మాత్రం వద్దు, అది వినీ వినీ విసిగిపోయాను.

కెర్నల్‌కోతి · 2
మార్చి నిర్ణయాన్ని అందరూ ఉన్నదానికంటే పెద్దది చేశారు. అంతకుముందు కూడా ఫ్రేమ్‌వర్క్ పని చాలావరకు లోపలే జరిగేది, బ్లూటూత్ లాంటి కొన్ని భాగాలు మాత్రమే బయట నడిచేవి. వెర్షన్ వచ్చాక సోర్స్ ఇవ్వడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అసలు దెబ్బ జూన్‌ది. డివైస్ ట్రీ అంటే కెర్నల్ వాడే డీటీబీ (హార్డ్‌వేర్ వివరాల) ఫైల్ అనుకుంటారు కొందరు, ఇక్కడ అది కాదు. పార్టిషన్ సైజులు, ఇనిట్ (ఫోన్ మొదలయ్యేటప్పుడు నడిచే) స్క్రిప్టులు, ఎస్‌ఈలినక్స్ పాలసీ (ఏ ప్రోగ్రామ్ దేన్ని తాకొచ్చో చెప్పే నియమాలు), ఏ బైనరీ ఎక్కడ పెట్టాలనే జాబితా, అన్నీ కలిపిన ఫోల్డర్. పిక్సెల్‌కి అది గూగులే ఇచ్చేది కాబట్టి సోర్స్ వచ్చిన కొద్ది రోజుల్లోనే రామ్‌లు (ఫోన్‌లో వేసుకునే ఓఎస్ ప్యాకేజీలు) లేచేవి. ఇప్పుడు ఫ్యాక్టరీ ఇమేజ్ విప్పి, వెండర్ పార్టిషన్‌లోంచి ఒక్కో ఫైలూ ఏరుకుని, పాలసీని తిరిగి రాసుకోవాలి. మిగతా కంపెనీల ఫోన్లకి పోర్టర్లు (ఓఎస్‌ని ఇంకో ఫోన్‌కి తెచ్చేవాళ్లు) ముందునుంచీ పడుతున్న పాట్లే ఇవి. పిక్సెల్ కూడా ఆ వరసలోకి వచ్చింది, అంతే.

సైడ్‌లోడ్ · 3
పాతఫోన్, యాప్‌ల సంగతి మీరు చెప్పినంత మొండిగా లేదు. 2025 నవంబర్‌లో గూగుల్ కొంచెం వెనక్కి తగ్గింది. అనుభవం ఉన్న వాడకందారులు హెచ్చరికలు చదివి, తెలిసే ఒప్పుకుని, నమోదు లేని యాప్ వేసుకునే దారి ఒకటి పెడతామంది. పైగా ఇది సర్టిఫైడ్ ఫోన్లకే, అంటే ప్లే సర్వీసెస్‌తో వచ్చేవాటికే. లినేజ్ మీద ఈ తనిఖీ ఉండదు.

ఎఫ్‌డ్రాయిడ్_అభిమాని · 4
ఉండకపోయినా దెబ్బ తగులుతుంది. ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ చాలా యాప్‌లని సోర్స్ నుంచి తనే బిల్డ్ చేసి తన కీతో సంతకం పెడుతుంది. ఇప్పుడు ఒక్కో ప్యాకేజీ పేరు ఎవరిదో గుర్తింపు చూపి నమోదు చేసుకోవాలంటే, ఆ పేరు డెవలపర్‌ది, సంతకం ఎఫ్-డ్రాయిడ్‌ది. ఎవరు నమోదు చేయాలి? మామూలు ఫోన్లలో వాడేవాళ్లు తగ్గితే ఆ యాప్‌లు రాసేవాళ్లూ తగ్గుతారు. లినేజ్ వాడకందారుకి తాకేది అక్కడ.

తాళంచెవి · 5
నా లెక్కలో ఓఎస్ భవిష్యత్తు సోర్స్ కోడ్‌లో లేదు, మూడు తాళాల్లో ఉంది: బూట్‌లోడర్, డ్రైవర్ బైనరీలు, అటెస్టేషన్ (ఫోన్ స్థితి గురించి యాప్‌కి ఇచ్చే సాక్ష్యం). కొనే ముందు చూడాల్సిందీ ఇదే వరసలో.

బూట్‌లోడర్ గురించి "అన్‌లాక్ అవుతుందా" అని ఒక్క మాట అడిగి వదిలేస్తారు. మళ్లీ లాక్ అవుతుందా అనేది అంతకంటే పెద్ద ప్రశ్న. తెరిచి ఉంచిన బూట్‌లోడర్‌తో ఫోన్ ఎవరి చేతికి చిక్కినా బూట్ ఇమేజ్ మార్చేయగలరు, తర్వాత మీరు పిన్ కొట్టినప్పుడు ఆ మార్చిన కోడ్ చూస్తూ ఉంటుంది. సొంత కీతో లాక్ చేసుకోనిచ్చే ఫోన్లు చాలా తక్కువ. పిక్సెల్ వాటిలో ముఖ్యమైనది, ఫెయిర్‌ఫోన్ మీద కూడా కొన్ని రామ్‌లతో కుదురుతుంది. రామ్ తయారుచేసినవాళ్ల పబ్లిక్ కీని ఏవీబీ (బూట్ అయ్యేటప్పుడు ఓఎస్ సంతకం చూసే పద్ధతి) కస్టమ్ కీగా ఫ్లాష్ చేసి (ఫోన్‌లో రాసి) లాక్ చేస్తే, బూట్ అయ్యేటప్పుడు పసుపు హెచ్చరిక, కింద ఆ కీ హ్యాష్ (కీని గుర్తుపట్టే అక్షరాల వరస) కనిపిస్తాయి. ఆ హ్యాష్‌ని రామ్ సైట్‌లో ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చుకోండి.

అన్‌లాక్ కోడ్ కంపెనీ సర్వర్ నుంచి రావాల్సిన ఫోన్లయితే ఆ సర్వర్ ఉన్నన్నాళ్లే మీ హక్కు. హువావే 2018లో కోడ్‌లు ఇవ్వడం ఆపేసింది. అప్పటికి కోడ్ తీసుకోని ఫోన్ల సంగతి అక్కడితో సరి.

రామ్‌చిప్స్ · 6
లాక్ దగ్గరే ఎక్కువ ఫోన్లు చస్తాయి, కాబట్టి ఇది రాసి పెట్టుకోండి. లాక్ కమాండ్ ఇచ్చే ముందు ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి బూట్‌లోడర్‌కి ఆదేశాలిచ్చే మోడ్) "ఫ్లాషింగ్ గెట్ అన్‌లాక్ ఎబిలిటీ" అడగండి. జవాబు 1 రావాలి. 0 వస్తే డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎం అన్‌లాకింగ్ ఆపి ఉందన్నమాట. ఆ స్థితిలో లాక్ చేశాక రామ్ బూట్ కాకపోతే మళ్లీ తెరవలేరు.

రెండోది సెక్యూరిటీ ప్యాచ్ తేదీ. ఫోన్‌లో ముందున్న స్టాక్ (కంపెనీ ఇచ్చిన) రామ్ ప్యాచ్ కొత్తది, మీరు వేసే రామ్ ప్యాచ్ పాతది అయితే రోల్‌బ్యాక్ రక్షణ (పాత వెర్షన్‌కి వెళ్లనివ్వని ఏర్పాటు) అడ్డం పడుతుంది. తెరిచి ఉన్నంతసేపూ చక్కగా నడుస్తుంది, లాక్ చేయగానే బూట్ అవ్వదు. అన్‌లాక్ చేసినా లాక్ చేసినా డేటా పూర్తిగా పోతుందని వేరే చెప్పక్కర్లేదు కదా.

బూట్‌లూప్ · 7
6కి ఇంకో ముక్క. ‘ఏ’, ‘బీ’ అని రెండు స్లాట్లున్న (ఓఎస్‌కి రెండు కాపీల చోటున్న) ఫోన్లలో ఒక స్లాట్‌కి మాత్రమే ఫ్లాష్ చేసి చేతులు దులుపుకోవద్దు. 2022లో ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు పిక్సెల్ 6, 6 ప్రో, 6ఏలలో బూట్‌లోడర్ యాంటీ రోల్‌బ్యాక్ నంబర్ పెంచారు. కొత్త బూట్‌లోడర్ ‘ఏ’ స్లాట్‌లో ఉంది, ‘బీ’లో ఆండ్రాయిడ్ 12ది అలాగే ఉంది అనుకోండి. ‘ఏ’ స్లాట్ ఎందుచేతనైనా వరసగా కొన్నిసార్లు బూట్ కాకపోతే ఫోన్ దానంతటదే ‘బీ’కి మారుతుంది, ఆ పాత బూట్‌లోడర్‌ని చిప్ ఒప్పుకోదు, స్క్రీన్ కూడా వెలగదు. రెండు స్లాట్లలోనూ కొత్తది వేయమని అప్పుడు గూగులే చెప్పింది.

లినేజ్ కొన్ని ఫోన్లకి "కాపీ పార్టిషన్స్" జిప్ ముందు సైడ్‌లోడ్ చేయమనేది (కంప్యూటర్ నుంచి పంపి ఇన్‌స్టాల్ చేయమనేది) ఇందుకే. చాలామంది ఆ మెట్టు దాటేస్తారు.

కొత్తగా_వచ్చా · 8
సైడ్‌లోడ్ 47 శాతం దగ్గర ఆగిపోతే వైర్ పీకేయాలా, ఉంచాలా?

బూట్‌లూప్ · 9
@కొత్తగా_వచ్చా పీకొద్దు! కంప్యూటర్ తెరపై మామూలుగా "టోటల్ ఎక్స్‌ఫర్ 1.00ఎక్స్" అని వస్తుంది, 47 దగ్గర ఆగి "ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్: సక్సెస్" అనో "నో ఎర్రర్" అనో వచ్చినా పని పూర్తయి ఉండొచ్చు. కంప్యూటర్ చూపేది ఫైల్ పంపిన లెక్క, ఇన్‌స్టాల్ లెక్క కాదు. ఫోన్ తెర మీద ఏం రాసిందో చూడండి, అదే ప్రమాణం.

ఫ్లాష్ మొదలెట్టకముందే రూట్ (పూర్తి అధికారం) ఉన్న రికవరీలో ఏడీబీ షెల్ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లిచ్చే తెర) తెరిచి, బై-నేమ్ ఫోల్డర్‌లో ఉన్న మోడెమ్‌ఎస్‌టీ1, మోడెమ్‌ఎస్‌టీ2, ఎఫ్‌ఎస్‌జీ, పర్సిస్ట్ పార్టిషన్లని డీడీ అనే కమాండ్‌తో కాపీ తీసి కంప్యూటర్‌లో దాచండి. ఇవి క్వాల్‌కామ్ ఫోన్ల పేర్లు. మొదటి మూడూ మోడెమ్ డేటా, పోతే ఐఎంఈఐ సున్నా అయిపోతుంది. పర్సిస్ట్‌లో సెన్సర్ల క్యాలిబ్రేషన్ ఉంటుంది. ఒక్కో ఫోన్‌కి ఫ్యాక్టరీలో విడిగా రాసినవి, ఇంకో ఫోన్‌వి తెచ్చి వేస్తే పనికిరావు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడేది ఇక్కడే.

మెయిన్‌లైన్ · 10
తాళంచెవి మూడు తాళాలన్నారు, నేను రెండోదాన్నే మొదట పెడతాను. బూట్‌లోడర్ తెరిచి ఉన్నా, చిప్ కంపెనీ ఇచ్చిన కెర్నల్ మీదే నడుస్తున్నంతకాలం ఆ ఫోన్‌కి ముగింపు తేదీ ఉంది.

క్వాల్‌కామ్ చిప్ స్నాప్‌డ్రాగన్ 845 చూడండి. 2018 ఫోన్లలో వచ్చింది, స్టాక్ కెర్నల్ 4.9. ఆ కెర్నల్ సిరీస్‌కి అప్‌స్ట్రీమ్ (మూల లినక్స్ వాళ్ల) మద్దతు 2023 జనవరిలో ఆగిపోయింది. లినేజ్ ఆ ఫోన్లకి ఇప్పటికీ కొత్త ఆండ్రాయిడ్ తెచ్చినా కింద ఉన్నది అదే 4.9, ప్యాచ్‌లు చేత్తో అతికించాలి. అదే చిప్‌ని మెయిన్‌లైన్ (అసలు, అందరూ వాడే) లినక్స్‌లోకి చేర్చిన వాళ్ల పుణ్యమా అని వన్‌ప్లస్ 6, పోకో ఎఫ్1 మీద పోస్ట్‌మార్కెట్ ఓఎస్ ఇవాళ్టి కెర్నల్‌తో బూట్ అవుతుంది. జీపీయూకి (గ్రాఫిక్స్ భాగం) ఫ్రీడ్రీనో అనే ఓపెన్ డ్రైవర్ ఉంది, వైఫై ఉంది, ఫోన్ పాతబడేకొద్దీ దానికి మద్దతు మెరుగవుతోంది. ఆండ్రాయిడ్ ప్రపంచంలో ఇది తలకిందుల వ్యవహారం!

కంపెనీ పట్టుబడితే ఏమవుతుందో ఫెయిర్‌ఫోన్ 2 చూపించింది. 2015 చివర్లో వచ్చింది, చిప్ స్నాప్‌డ్రాగన్ 801. దానికి క్వాల్‌కామ్ ఆండ్రాయిడ్ 6 దగ్గరే ఆపేసింది. ఆ చిన్న కంపెనీ సొంతంగా, లినేజ్ వాళ్ల పని ఆసరాతో, ఆండ్రాయిడ్ 10 దాకా లాక్కొచ్చి 2023 మార్చిలో మద్దతు ముగించింది. ఏడేళ్లు. ఆ పాఠంతోనే ఫెయిర్‌ఫోన్ 5కి మామూలు ఫోన్ చిప్ వదిలేసి క్యూసీఎం6490 అనే ఇండస్ట్రియల్ చిప్ తీసుకున్నారు, ఎందుకంటే ఆ రకం చిప్‌లకి క్వాల్‌కామ్ ఎక్కువ ఏళ్లు మద్దతిస్తుంది.

కెమెరాకన్ను · 11
మెయిన్‌లైన్ బాగుంది గానీ ఫొటో తీసి చూశారా? వన్‌ప్లస్ 6 మీద ఇప్పటికీ అందరూ అడిగేది అదే.

మెయిన్‌లైన్ · 12
కెమెరా సంగతి ఒప్పుకుంటాను, అది నిజంగా కష్టమైన ముక్క. సెన్సర్‌కి డ్రైవర్ రాయడం ఒక పని, రిజిస్టర్ల పట్టిక దొరికితే అవుతుంది. ఆ తర్వాత వచ్చేది రా డేటా. దాన్ని రంగుల బొమ్మగా మార్చే ఐఎస్‌పీ క్వాల్‌కామ్ చిప్‌లో ఉన్నా దాన్ని నడిపే కోడ్, లెన్స్‌కి తగ్గ ట్యూనింగ్ ఫైళ్లు మూసినవి. లిబ్‌కెమెరా అనే ఓపెన్ కెమెరా లైబ్రరీలో సాఫ్ట్‌వేర్ ఐఎస్‌పీ ఉంది, అది ఆ పనంతా సీపీయూ చేత చేయిస్తుంది. బొమ్మ వస్తుంది, ఫోన్ వేడెక్కుతుంది, నీడల్లో ఆకుపచ్చ ఛాయ కనబడుతుంది. ట్యూనింగ్ అంటే ఒక్కో సెన్సర్‌కీ కొలతలు తీసుకుంటూ కూర్చోవాలి, ఆ ఓపిక ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

సిగ్నల్‌గీత · 13
కెమెరా లేకపోయినా అది ఫోనే. కాల్ రాకపోతే ఫోన్ ఎలా అవుతుంది? 2జీ, 3జీ మూసేసిన నెట్‌వర్క్‌లలో వోల్టీ (4జీ మీద కాల్) లేకపోతే డేటా వస్తుంది, కాల్ మాత్రం కుదరదు. వోల్టీ నడిపే ఐఎంఎస్ భాగం క్వాల్‌కామ్ ఫోన్లలో మూసిన బైనరీ, పైగా ఒక్కో ఆపరేటర్‌కి ఒక్కో ఎంబీఎన్ (ఆపరేటర్ సెట్టింగుల) ప్రొఫైల్ మోడెమ్‌లోకి ఎక్కాలి.

లినక్స్‌తో నడిచే పైన్‌ఫోన్‌లో ఈ భాగం కళ్లారా చూడొచ్చు. మోడెమ్ క్వెక్‌టెల్ ఈజీ25-జీ, యూఎస్‌బీ ద్వారా మెయిన్ చిప్‌కి కలుస్తుంది. ఆ మోడెమ్ లోపల ఇంకో చిన్న లినక్స్ నడుస్తుంది. ఏటీ అనే మోడెమ్ కమాండ్లతో ముందు ఎంబీఎన్ జాబితా తెప్పించుకుని, మీ ఆపరేటర్ ప్రొఫైల్ ఉంటే ఎంచుకుని, ఐఎంఎస్ సెట్టింగ్ 1 చేసి, మోడెమ్‌ని రీబూట్ చేయాలి. మీ ఆపరేటర్ పేరు లేకపోతే సాధారణ వోల్టీ ప్రొఫైల్ ప్రయత్నించాలి, కొన్నిచోట్ల అతుకుతుంది, కొన్నిచోట్ల అతకదు.

ఇంకో చిక్కు, ఫోన్ నిద్రలో ఉండగా కాల్ వస్తే మోడెమ్ మెయిన్ చిప్‌ని లేపాలి. లేచి, యూఎస్‌బీ మళ్లీ కుదురుకుని, రింగ్ మోగేసరికి కొన్ని సెకన్లు పోతాయి. అవతలివాళ్లు పెట్టేస్తారు.

కాపీలెఫ్ట్ · 14
ఇన్ని పోస్టుల్లో లైసెన్స్ మాటే ఎత్తలేదేం? కెర్నల్ లైసెన్స్ జీపీఎల్ 2. ఫోన్ అమ్మినవాడు కెర్నల్ సోర్స్ అడిగితే ఇచ్చి తీరాలి. ఆలస్యం చేసేవాళ్లని, సగం ఇచ్చేవాళ్లని గట్టిగా నిలదీస్తే ఈ గొడవలో సగం తీరుతుంది.

తాళంచెవి · 15
@కాపీలెఫ్ట్ సగం కాదు, పావు కూడా తీరదు. జీపీఎల్ 2 సోర్స్ ఇమ్మంటుంది, మీరు మార్చిన కెర్నల్ ఆ ఫోన్‌లో బూట్ అవ్వాలని అనదు. ఆ షరతు పెట్టింది 2007లో వచ్చిన జీపీఎల్ 3, లినక్స్ దానికి మారలేదు. ఆండ్రాయిడ్‌లో మిగతాది ఎక్కువభాగం అపాచీ 2, దాని ప్రకారం మార్పులు అసలు ఇవ్వక్కర్లేదు. సోర్స్ చేతిలో పెట్టుకుని, తలుపు బయట నిలబడటమే ఇప్పుడు జరుగుతున్నది.

కాపీలెఫ్ట్ · 16
బూట్ సంగతి నిజమే. కానీ 845కి మెయిన్‌లైన్ పని ఎలా మొదలైంది? కంపెనీలు జీపీఎల్ కింద విడుదల చేసిన కెర్నల్‌లోని ప్యానెల్ (స్క్రీన్) డ్రైవర్లు, డీటీఎస్ (హార్డ్‌వేర్ వివరాలు రాసిన) ఫైళ్లు చూసుకునే కదా పోర్టర్లు రాసింది? ఆ షరతు లేకపోతే స్క్రీన్ వెలిగించడానికే నెలలు పట్టేది. పావు కంటే ఎక్కువే.

మెయిన్‌లైన్ · 17
16 నిజం. ప్యానెల్‌కి ఏ కమాండ్లు ఏ వరసలో పంపాలో ఆ డీటీఎస్‌లోంచే తీస్తాం.

భద్రం · 18
మూడో తాళం దగ్గరికి ఎవరూ రావడం లేదు. రేపు ఓపెన్ ఓఎస్‌లని చంపేది అదే: ప్లే ఇంటిగ్రిటీ, అంటే ఫోన్ నమ్మదగిందో కాదో యాప్‌కి చెప్పే గూగుల్ తనిఖీ. పాత తనిఖీ సేఫ్టీనెట్ 2025లో ఆగిపోయింది, దాని స్థానంలో ఇది. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై వాటిలో "డివైస్" తీర్పు రావాలంటే హార్డ్‌వేర్ సాక్ష్యం ఉండాలి. "స్ట్రాంగ్" తీర్పుకి దాంతోపాటు గడిచిన ఏడాదిలోపు సెక్యూరిటీ అప్‌డేట్ ఉండాలి. చెల్లింపుల యాప్‌లు, ప్రభుత్వ గుర్తింపు యాప్‌లు ఈ తీర్పు చూసే తలుపు తీస్తాయి. లీకైన కీబాక్స్ (అటెస్టేషన్ కీలున్న) ఫైళ్లతో నెట్టుకొచ్చేవాళ్లున్నారు. ఆ కీ రద్దు జాబితాలోకి ఎక్కిన రోజున అన్నీ ఒకేసారి ఆగుతాయి, దాని మీద ఆధారపడొద్దు.

నాకు మండేది ఎక్కడంటే, టెక్నికల్‌గా వేరే దారి ఉంది! ఆండ్రాయిడ్ కీ అటెస్టేషన్‌ని యాప్ నేరుగా అడగొచ్చు. చిప్‌లోని సురక్షిత భాగం ఇచ్చే సర్టిఫికెట్‌లో బూట్‌లోడర్ లాక్ అయిందా, ఏ కీతో వెరిఫై అయింది, ప్యాచ్ తేదీ ఏది, అన్నీ ఉంటాయి. గ్రాఫీన్ వాళ్లు తమ కీ హ్యాష్‌లు బయట పెట్టారు, యాప్ చేసేవాళ్లు ఆ కొన్ని వరసలు తమ జాబితాలో చేర్చుకుంటే చాలు. లాక్ చేసిన బూట్‌లోడర్, తాజా ప్యాచ్ ఉన్న ఫోన్‌ని కాదని, ఏళ్లుగా ప్యాచ్ ఎరగని స్టాక్ ఫోన్‌ని "డివైస్" తీర్పుతో లోపలికి రానిస్తున్నారు.

కొత్తగా_వచ్చా · 19
అన్‌లాక్ చేశాక వీడియోలు మసకగా వస్తున్నాయని అంటారు, అదీ ఇంటిగ్రిటీ వల్లేనా?

భద్రం · 20
కాదు, అది వైడ్‌వైన్, వీడియో కాపీ రక్షణ. చాలా ఫోన్లలో అన్‌లాక్ చేస్తే ఎల్1 (గట్టి స్థాయి) పోయి ఎల్3 (బలహీన స్థాయి) అవుతుంది, అప్పుడు చాలా స్ట్రీమింగ్ యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు.

హార్మొనీ_చూపరి · 21
పెద్ద కంపెనీ తలుచుకుంటే గూగుల్ లేకుండా బతకొచ్చని హువావే నిరూపించింది కదా. 2019 మేలో అమెరికా వాణిజ్య ఆంక్షల ఎంటిటీ లిస్ట్‌లోకి ఎక్కింది, 2024లో ఆండ్రాయిడ్ యాప్‌లే నడవని హార్మొనీ ఓఎస్ నెక్స్ట్ తెచ్చింది.

కెర్నల్‌కోతి · 22
గూగుల్ లేకుండా బతకడం వేరు, ఓపెన్‌గా ఉండటం వేరు. ఓపెన్‌హార్మొనీ సోర్స్ బయట ఉంది, ఫోన్‌లో వచ్చే హార్మొనీ పై పొరలు మూసినవే. బూట్‌లోడర్ అంతకంటే గట్టిగా మూసి ఉంది. సెయిల్‌ఫిష్ ఓఎస్‌లో కూడా కింద ఓపెన్, పైన యూఐ ముఖ్య భాగాలు మూసినవి.

మిగతావాళ్లు గతంలో ఎందుకు కదల్లేదో గుర్తుంది కదా. ప్లే స్టోర్ కావాలంటే, గూగుల్ ఒప్పుకోని ఆండ్రాయిడ్ ఫోర్క్‌తో (మార్చిన వెర్షన్) ఒక్క ఫోన్ కూడా అమ్మకూడదని ఒప్పందం ఉండేది. 2018లో యూరోపియన్ కమిషన్ 434 కోట్ల యూరోల జరిమానా వేసిన కారణాల్లో అదొకటి. 2022లో కోర్టు దాన్ని 412.5 కోట్లకి తగ్గించింది, తీర్పు సారం మాత్రం నిలబడింది.

చరిత్రకారుడు · 23
కంపెనీల మీద ఆశ గురించి: ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోన్లు 2013లో వచ్చాయి, 2016కి ఆపేశారు. ఉబుంటు ఎడ్జ్ ఫోన్ కోసం 2013లో కానొనికల్ జనాన్ని 3.2 కోట్ల డాలర్లు అడిగి 1.28 కోట్ల దగ్గర ఆగింది. 2017లో ఆ కంపెనీ ఉబుంటు టచ్ వదిలేసింది. 2016 చివర్లో సైనోజెన్‌మాడ్ రామ్ సర్వర్లు ఆపేస్తే అదే కోడ్‌తో లినేజ్ లేచింది. ఉబుంటు టచ్‌ని యూబీపోర్ట్స్ సముదాయం అందుకుంది. కంపెనీ పోయాక కూడా మిగిలినవి సముదాయం చేతిలో పడ్డవే.

నిబంధన · 24
చట్టాల వైపు కొంచెం వెలుగుంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఎకోడిజైన్ నియమాలు: మోడల్ అమ్మకం ఆగాక కనీసం 5 ఏళ్లు ఓఎస్ అప్‌డేట్లు, 7 ఏళ్లు విడిభాగాలు, 800 ఛార్జింగ్ సైకిళ్ల తర్వాత బ్యాటరీకి 80 శాతం సత్తువ. క్వాల్‌కామ్ కూడా 2025లో, స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్‌తో మొదలుపెట్టి 8 ఏళ్ల దాకా ఆండ్రాయిడ్ మద్దతుకి దారి ఇచ్చింది, మధ్యలో కెర్నల్ మార్పులతో సహా.

తాళంచెవి · 25
@నిబంధన ఆ నియమం అక్షరాలా చదవండి. అప్‌డేట్లు "ఇస్తే" అందరికీ ఉచితంగా ఇవ్వాలని ఉంది. అసలు ఇవ్వకపోతే ఏమిటనే సందు మిగిలింది. బూట్‌లోడర్ ఊసు అయితే అందులో ఎక్కడా లేదు. మద్దతు ముగిసిన రోజున అన్‌లాక్ ఇవ్వాలి అని ఒక్క వాక్యం చేర్పిస్తే ఎన్ని లక్షల ఫోన్లు చెత్తలోకి పోకుండా ఆగుతాయి! పోరాడాల్సింది దానికోసం.

పాతఫోన్ · 26
చాలా పనికొచ్చింది. నేను పట్టుకున్నవి: కోడ్ అడగకుండా అన్‌లాక్, సొంత కీతో రీలాక్, కెర్నల్ సోర్స్ ఇప్పటికే బయట ఉండటం, వోల్టీ పనిచేస్తుందని ఆ మోడల్ వికీలో రాసి ఉండటం. కొన్న ఫోన్‌కి ఓపెన్ రామ్ అతుకుతుందో లేదో డేటా పోకుండా ముందే చూసుకునే మార్గం ఉందా?

రామ్‌చిప్స్ · 27
డీఎస్‌యూ (డైనమిక్ సిస్టమ్ అప్‌డేట్స్) ఉంది, ఆండ్రాయిడ్ 10 నుంచి. డెవలపర్ ఆప్షన్స్‌లో డీఎస్‌యూ లోడర్‌తో గూగుల్ జీఎస్‌ఐ (చాలా ఫోన్లకి సరిపోయేలా చేసిన ఆండ్రాయిడ్) దించి రీస్టార్ట్ చేస్తే పాత సిస్టమ్ అలాగే ఉండి, పక్కన తాత్కాలికంగా అది బూట్ అవుతుంది. మళ్లీ రీస్టార్ట్ చేస్తే మీదే వస్తుంది. గూగుల్ సంతకం లేని జీఎస్‌ఐ అయితే బూట్‌లోడర్ తెరవాలి, అంటే డేటా పోతుంది. కాబట్టి ఫోన్ కొన్న మొదటి రోజే, ఏమీ ఎక్కించకముందే చూసుకోండి. ముందు కాల్ చేయండి, తర్వాత వేలిముద్ర, ఆ తర్వాత కెమెరా. ఇన్‌స్టాల్ సగంలో ఆగితే నిల్వ స్థలం చాలకపోవడం కారణం కావచ్చు, కొన్ని జీబీలు ఖాళీ చేసి మళ్లీ ప్రయత్నించండి.

సిగ్నల్‌గీత · 28
కాల్ పరీక్షించేటప్పుడు వైఫై ఆపేసి చేయండి. వైఫై కాలింగ్ ఎక్కి ఉంటే వోల్టీ పనిచేసిందనుకుని మోసపోతారు.